ఆందోళన ఉన్నవాళ్ళు చేతులెత్తండి

పరుపుల ఫ్యాక్టరీలో కుట్టు విభాగం చూసుకునే ఆయన్ని వెనకాల అందరూ బండ మేస్త్రి అనేవాళ్ళు. మొహం మీద మాత్రం మేస్త్రి గారూ అనేవాళ్ళు. ఒకసారి ఫోమ్ గోదాంలో పొగ లేచి జనం తలో దిక్కుకీ పరిగెత్తుతుంటే, ఆయనొక్కడే నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి "మెయిన్ ఆపండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో బండ అనే పేరు ఖాయమైపోయింది. అసలు సంగతేమిటంటే ఆ క్షణంలో ఆయన కాళ్ళు కదల్లేదు. కదిలుంటే అందరికంటే ముందు గేటు దాటేవాడే.

పేరు వచ్చాక దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఉద్యోగమైపోయింది. ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడ్డం మొదలైతే మేస్త్రి ఫోమ్ గోదాంలోకి నడిచి, తలుపు దగ్గరగా వేసి, నిలువెత్తు ఫోమ్ చుట్టని వాటేసుకుని నిలబడేవాడు. ఎంత గట్టిగా పిసికినా మళ్ళీ మామూలుగా అయిపోవడం ఫోమ్‌లో ఉన్న మంచి గుణం. ప్రాణం కుదుటపడ్డాక జేబులోంచి గ్యాస్ బిళ్ళ తీసి చప్పరించి, మొహం తుడుచుకుని బయటికొచ్చి, ముందు ఎవరు కనిపిస్తే వాళ్ళని కేకలేసేవాడు. ఎక్కడికెళ్ళారని అడిగితే స్టాకు చూసొచ్చానని చెప్పేవాడు. స్టాకు మీద ఇంత శ్రద్ధ ఉన్న మేస్త్రిని ఎక్కడా చూడలేదని పైవాళ్ళు మెచ్చుకుని ఒక గోడ గడియారం బహుమతిగా కూడా ఇచ్చారు.

మేస్త్రి వాళ్ళ ఇంట్లో దీన్ని గ్యాస్ అంటారు. గ్యాస్ కానిదాన్ని జాగ్రత్త అంటారు. వాళ్ళ నాన్న కాలవ మీద వంతెన ఉండగా దాన్ని ఎక్కకుండా అంత దూరమూ చుట్టు తిరిగి వెళ్ళేవాడు. నడక ఒంటికి మంచిదనేవాడు. పెదనాన్న బస్సెక్కబోయి, స్టవ్ ఆపానో లేదో అని వెనక్కొచ్చేవాడు. ఆ మహానుభావుడు జీవితంలో ఎన్నడూ స్టవ్ వెలిగించిన పాపాన పోలేదు. అయినా ఆయన్ని అందరూ జాగ్రత్త మనిషనే చెప్పుకున్నారు.

ఇక మేస్త్రి అక్కయ్య. వయసులో ఉన్నప్పుడు ఆవిడ నూలు మిల్లులో పనిచేసేది. ఒకరోజు పని మధ్యలో ఊపిరాడక, "నాన్నా, నేను చచ్చిపోతున్నాను" అంటూ ఇంటికి వచ్చింది. నాన్న సోడా తాగించి గ్యాస్ అన్నాడు. మర్నాడు కూడా గ్యాసే. కొన్నాళ్ళకి ఆవిడ మిల్లుకి వెళ్ళడం మానేసింది. నాన్న ఆవిడ యూనిఫాం కోటుని ఉతికించి, ఇస్త్రీ చేయించి, మడతపెట్టి మిల్లులో అప్పగించి వచ్చాడు. ఆ తర్వాత ఆవిడ వీధి గేటు దాటలేదు. ఇప్పుడు తమ్ముడి ఇంట్లోనే వెనక గదిలో ఉంటుంది. ఎవరైనా అడిగితే, "ఆవిడకి ఇంటిపట్టున ఉండడం ఇష్టమండీ" అని ఇంటిల్లిపాదీ చెబుతారు. ఆవిడ ఇష్టమేమిటో ఆవిడని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మేస్త్రికి ఒక్కతే కూతురు. తండ్రి పనిచేసే ఫ్యాక్టరీలోనే పరుపుల మీద గళ్ళు కుట్టే యంత్రం నడుపుతుంది. చేతి పని ఎంత బాగుంటుందంటే, పై అంతస్తులో కొత్తగా పెట్టిన కంప్యూటర్ యంత్రం మీదికి ఆ అమ్మాయిని ఎంపిక చేశారు. ఎంపిక చేసిన వారంలోనే యంత్రం ముందు కూర్చున్న పిల్ల ఉన్నట్టుండి గుండె పట్టుకుని కింద కూలబడింది. చేతులు చల్లబడిపోయాయి. చుట్టూ మూగిన వాళ్ళు నీళ్ళు తాగించారు, విసిరారు, తర్వాత ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళి చెవులు కొరుక్కున్నారు. ఆ తర్వాత మళ్ళీ అలాగే అయింది. మళ్ళీ.

"నాకే ఎందుకిలా అవుతోంది నాన్నా? పిచ్చెక్కుతోందా?" అని అడిగింది ఇంటికొచ్చాక.

"గ్యాస్. మనింటా వంటా అలాంటివి లేవు" అన్నాడు మేస్త్రి.

ధైర్యం చెబుదామనే అన్నాడు. కానీ పిల్ల మొహం ఇంకా చిన్నబోయింది. "అంటే నేనొక్కదాన్నే అన్నమాట" అని లేచి వెళ్ళిపోయింది. మేస్త్రి వెనకాలే వెళ్ళి నిజం చెప్పి ఉండాల్సింది. గుమ్మం దాకా వెళ్ళాడు కూడా. అక్కడ గుండె దడ మొదలై, గ్యాస్ బిళ్ళ వేసుకుని వెనక్కొచ్చేశాడు.

గురువారం సాయంత్రం పిల్ల తన మనసులో మాట చెప్పేసింది. శుక్రవారం ఏదో మీటింగు ఉందట, అందరూ రావాల్సిందేనట. అది అవగానే మేనేజర్ గారికి యూనిఫాం కోటు అప్పగించి, పని మానేసి వచ్చేస్తానంది. వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. మేనత్త మాత్రం కళ్ళు తుడుచుకోలేదు. నీలం రంగు కోటుని అడిగి తీసుకుని బల్ల మీద పరిచి, కాలర్ దగ్గర్నుంచి మొదలుపెట్టి మెల్లగా ఇస్త్రీ చేసింది. "ఇస్త్రీ చేసి ఇస్తే వాళ్ళు మర్యాదగా తీసుకుంటారమ్మా" అంది. ఆ మాటకి మేస్త్రి గుండెల్లో రాయి పడింది. ఈ ఇంట్లోంచి రెండో కోటు వెళ్ళిపోతోంది.

ఇంతలో ఫ్యాక్టరీలో వేరే కథ నడుస్తోంది. గేటు పక్క బోర్డు మీద ఒక నోటీసు పడింది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన మెయిల్ చూసి గుమాస్తా అంటించాడు. పై వరసలో "మానసిక ఆరోగ్య అవగాహన" అని ఉంది గానీ, పాత సెలవుల నోటీసు అంచు సరిగ్గా దాని మీద పడింది. మిగిలింది ఇదీ: "ఆందోళన: ఎంతమందిలో ఉంది? ఎవరిలో ఎక్కువ? శుక్రవారం భోజనాలయ్యాక క్యాంటీన్ హాల్లో సమావేశం. అందరూ విధిగా హాజరు కావాలి."

ఆందోళన అనే మాట ఆ ఫ్యాక్టరీలో ఒకే అర్థంలో చెలామణీలో ఉంది. జెండాలు, నినాదాలు, మూసిన గేటు. ఇంట్లో పడేదాన్ని కంగారంటారు, దిగులంటారు, బెంగంటారు, గాభరా అంటారు. ఆందోళనంటే మాత్రం పదిమంది కలిసి రోడ్డెక్కి చేసేది. కాబట్టి ఆ నోటీసు చదివిన ప్రతివాడూ అటూ ఇటూ చూసి, తను చదవనట్టే నడిచి వెళ్ళాడు.

మేనేజర్ అయితే సెలవు నుంచి వచ్చీ రాగానే నోటీసు చూసి కొయ్యబారిపోయాడు. అతను వయసులో చిన్నవాడు. ఇంతకుముందు పనిచేసిన ఫ్యాక్టరీ ఆందోళన వల్లే మూతపడింది. అప్పట్నుంచి ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి టీ తాగుతుంటే చాలు, అతనికి ముచ్చెమటలు పడతాయి. గుమాస్తాని పిలిచాడు. అడిగినదానికి తప్ప జవాబు చెప్పని మనిషి ఆ గుమాస్తా.

"ఎవరు పెట్టించారిది?"

"హెడ్డాఫీసు సార్. డాక్టరమ్మ కూడా వస్తోంది."

"డాక్టరెందుకయ్యా? దెబ్బలు తగుల్తాయని ముందే అనుకుంటున్నారా?"

"నాకు తెలీదు సార్" అన్నాడు గుమాస్తా. అది నిజమే.

మేనేజర్ మేస్త్రిని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "చూడండి మేస్త్రీ, ఈ ఫ్యాక్టరీలో బెదరని మనిషంటూ ఉంటే అది మీరే. మీరు ముందు వరసలో జనం వైపు తిరిగి నిలబడండి. ఎవరు చెయ్యెత్తుతారో చూసి నాకు చెప్పండి. కాగితం మీద పెట్టకండి, నోటితో చాలు."

"అలాగే సార్" అన్నాడు మేస్త్రి. అతని బుర్రలో ఆందోళనా లేదు, మేనేజరూ లేడు. మడత పెట్టిన కోటు ఒక్కటే ఉంది.

శుక్రవారం భోజనాలయ్యాక జనమంతా క్యాంటీన్ హాల్లో బెంచీల మీద కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొందరు జాగ్రత్తపరులు చేతులు తొడల కింద పెట్టుకుని మరీ కూర్చున్నారు. మేస్త్రి ముందు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెనక వరసలో చివరగా కూతురు కూర్చుంది, పక్కన ప్లాస్టిక్ సంచి. సంచిలో నీలం కోటు.

డాక్టరమ్మ నవ్వు మొహంతో వచ్చింది. "ఇవాళ మనం ఆందోళన గురించి మాట్లాడుకుందాం. ఇందులో సిగ్గుపడాల్సింది, దాచుకోవాల్సింది ఏమీ లేదు. మీలో ఆందోళన ఉన్నవాళ్ళు ఒకసారి చేతులెత్తండి" అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు.

పరుపులకి గుండీలు కుట్టే పెద్దావిడ లేచింది. అందరూ గుండీల పిన్ని అంటారు. నలుగురి తరఫునా మాట్లాడ్డం ఆవిడకి అలవాటు. "మాకలాంటివేం లేవండీ. మేనేజర్ గారు మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారు."

"మేనేజర్ గారికీ దీనికీ సంబంధం లేదమ్మా."

"మేమూ అదే చెబుతున్నామండీ" అంది పిన్ని, కూర్చుంటూ.

డాక్టరమ్మ కొంచెం తికమకపడింది. "ఇంతమంది ఉన్నచోట ఒక్కరిలో కూడా లేదంటే నమ్మలేను. మనసుకి వచ్చే ఇబ్బందులన్నిటిలో ఎక్కువమందిలో కనిపించేది ఇదే. అందులోనూ మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ."

ఆడవాళ్ళ వరసల్లో గుసగుసలు లేచాయి. "ఎప్పుడూ మామీదే పడతారేం? కిందటిసారి గేటు మూసింది మగాళ్ళండీ!" అందొకావిడ.

"చాలామందిలో చిన్న వయసులోనే మొదలవుతుంది" అంది డాక్టరమ్మ, గేటు సంగతి అర్థంకాక దాన్ని పక్కనపెట్టి. కుర్రాళ్ళంతా తలలు దించుకున్నారు. "ఇంట్లో పెద్దవాళ్ళకి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ."

ఈ మాటకి లారీ డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు. అతని తండ్రి ఒకప్పుడు యూనియన్ నాయకుడు. "మా నాన్న ఎప్పుడో మానేశాడండీ."

"మానేశారా? చాలా సంతోషం. ఏం మందు వాడారు?"

"మందు కూడా మానేశాడండీ."

ఎవరూ నవ్వలేదు. అంత భయంగా ఉన్నారు. మేస్త్రి మాత్రం డ్రైవరు జవాబు వినలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఉంటే పిల్లలకి అన్న ముక్క దగ్గరే ఆగిపోయాడు. జెండాలు పట్టుకోవడం వంశంలో రాదు కదా అనుకున్నాడు. ఈవిడ మాట్లాడేది ఆ ఆందోళన గురించి కాదని హాల్లో అందరికంటే ముందు అతనికే తట్టింది. తట్టగానే చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే తర్వాతి మాట ఏమిటో అతనికి తెలుసు.

డాక్టరమ్మ దారి మార్చింది. "పోనీ, అది ఎలా ఉంటుందో చెబుతాను. ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడుతుంది. చెమటలు పడతాయి. ఊపిరాడదు. ఇప్పుడే చచ్చిపోతామేమో అనిపిస్తుంది. కాసేపటికి తగ్గిపోతుంది, కానీ మళ్ళీ వస్తుందేమో అన్న భయం మాత్రం పోదు. ఆ భయంతో కొన్ని చోట్లకి వెళ్ళడం మానేస్తారు. నెమ్మదిగా అన్ని చోట్లకీ మానేస్తారు."

గుండీల పిన్ని మొహం విప్పారింది. "ఓస్! అది గ్యాస్ కదండీ!"

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. గ్యాసే, గ్యాసే అన్నారు నలుగురూ. డాక్టరమ్మ ఒక్క నిమిషం వాళ్ళకేసి చూసింది. తెలివైన మనిషి. "సరే. గ్యాస్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి" అంది.

చేతులే చేతులు. తొడల కింద పెట్టుకున్న చేతులు కూడా లేచాయి. మీకెప్పుడొస్తుందంటే మీకెప్పుడొస్తుందని పక్కవాళ్ళని అడుగుతున్నారు. సరిగ్గా అప్పుడే తలుపు అద్దంలో మేనేజర్ మొహం కనిపించింది. గాల్లో లేచిన చేతులు చూసి, పై ప్రాణాలు పైనే పోయినట్టు ఆ మొహం మాయమైంది.

అందరూ ఎత్తారు గానీ వెనక వరసలో పిల్ల ఎత్తలేదు. తండ్రి వైపే చూస్తోంది. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రి వైపు. మనింటా వంటా లేవన్న తండ్రి వైపు.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఇది గ్యాస్ కాదమ్మా. మీ కడుపుల మీద లేనిపోని నింద వేస్తున్నారు. దీని పేరే ఆందోళన. నేను అడిగింది దీని గురించే. దీనికి వైద్యం ఉంది, చాలామందికి తగ్గుతుంది. కానీ వైద్యం దాకా వచ్చేవాళ్ళు చాలా తక్కువ. పేరు చెప్పుకోవడానికే జంకుతారు కాబట్టి. ఇప్పుడు చెప్పండి, ఆందోళన ఎంతమందికి ఉంది?"

పేరు వినపడగానే లేచిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. గ్యాస్ అందరి సొత్తు. మనసు అనగానే ఎవరికి వాళ్ళు పరాయివాళ్ళైపోయారు. తల దువ్వుకోవడానికి ఎత్తినట్టు ఒకడు జుట్టు సవరించుకున్నాడు.

అప్పుడు వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. ఎలాగూ పోతున్నాను, పోయేముందు నిజం చెబితే నష్టమేమిటి అన్నట్టు లేచింది. జనం తలలు తిప్పి చూశారు. "ఆ పిల్లే. మొన్న పడిపోయిందే" అన్నారెవరో. ఎక్కడో కిసుక్కుమన్నారు కూడా. పిల్ల మొహం ఎర్రబడింది. చెయ్యి కొంచెం కొంచెంగా కిందికి వస్తోంది. రెండో చెయ్యి సంచి వైపు వెళ్ళింది.

మేస్త్రికి గుండె దడ మొదలైంది. ఫోమ్ గోదాం ఎదురుగానే ఉంది. నాలుగడుగులు వేస్తే స్టాకు చూసుకోవచ్చు. కాళ్ళు అటే లాగాయి. కూతురి మీద ఉన్న ప్రేమంతా ఒకవైపు, ఇన్నాళ్ళ బండ పేరు ఒకవైపు. తూకం తేలకముందే అతని చెయ్యి లేచిపోయింది.

"నాకుంది" అన్నాడు. "గోదాంలోకి నేను వెళ్ళేది స్టాకు చూడ్డానికి కాదు. అక్కడ ఫోమ్ పట్టుకుని నిలబడతాను. మా నాన్నకీ ఉండేది. మా అక్కయ్యకీ ఉంది. మా అమ్మాయికి నేను అబద్ధం చెప్పాను."

గుండీల పిన్ని ముక్కున వేలేసుకుంది. "అదా మేస్త్రీ సంగతి! అంత శ్రద్ధగా చూసినా స్టాకు ఎందుకు తేడా వస్తోందా అనుకునేదాన్ని" అంది. అని, తన చెయ్యి కూడా ఎత్తింది. తర్వాత డ్రైవరు ఎత్తాడు. తర్వాత ఇంకొందరు. అందరూ ఎత్తలేదు. అందరికీ లేదు కూడా.

తలుపు దభాలున తెరుచుకుంది. మేనేజర్ లోపలికొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. అందరికంటే ఎత్తులో ఉన్న చెయ్యి ఎవరిదో చూశాడు.

"మేస్త్రీ! మీరు కూడానా? ఎప్పట్నుంచి నడుస్తోందీ ఆందోళన?"

"మా నాన్న హయాం నుంచీ సార్."

మేనేజర్ బెంచీ మీద కూలబడ్డాడు. "మీ డిమాండ్లేంటి?"

మేస్త్రి నిజాయితీగా ఆలోచించాడు. "నిద్ర సార్" అన్నాడు.

పరుపుల ఫ్యాక్టరీలో ఇది న్యాయమైన కోరికే అనిపించింది జనానికి. డాక్టరమ్మ మేనేజర్ పక్కన కూర్చుని, నోటీసులో కనపడని వరస గురించీ, ఒకే మాటకి ఉన్న రెండు అర్థాల గురించీ వివరించింది. మేనేజర్ చాలాసేపు విన్నాడు. జనం వెళ్ళిపోయాక మెల్లగా, "ఇద్దరు కలిసి టీ తాగుతుంటే చూసి చెమటలు పట్టడం కూడా ఇందులోకే వస్తుందా మేడమ్?" అని అడిగాడు.

బయట వరండాలో పిల్ల సంచి పట్టుకుని నిలబడి ఉంది. మేస్త్రి దగ్గరికి వెళ్ళాడు. ఏం చెప్పాలో తెలియక, అలవాటు కొద్దీ జేబులోంచి గ్యాస్ బిళ్ళ తీసి ఇవ్వబోయాడు. పిల్ల దాన్ని చూసింది, తండ్రిని చూసింది, ఏడుస్తూనే నవ్వేసింది.

"నేనొక్కదాన్నే కాదా నాన్నా?"

"కాదమ్మా. మనింట్లో వరస కట్టి ఉన్నారు. నేను ముందే చెప్పాల్సింది."

పిల్ల సంచిలోంచి కోటు తీసి, మడతలు విప్పి తొడుక్కుంది. తన యంత్రం దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం దాకా పనిచేసింది. మధ్యలో ఒకసారి దడ వచ్చింది. యంత్రం ఆపి, దడ తగ్గేదాకా అక్కడే కూర్చుంది. ఈసారి ఎవరూ విసరలేదు. గుండీల పిన్ని వచ్చి పక్కన కూర్చుంది, అంతే.

ఇంటికి వచ్చేసరికి మేనత్త వీధి గుమ్మంలో నిలబడి ఉంది. కోటు ఇచ్చేసి వచ్చిన పిల్లని ఎలా పలకరించాలో ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు కాబట్టి, ముందుగానే వచ్చి నిలబడింది. పిల్ల ఒంటి మీద కోటు చూసి తెల్లబోయింది.

మేస్త్రి చెప్పులు విప్పకుండానే అక్కయ్యకి జరిగినదంతా చెప్పాడు. ఆ జబ్బు పేరు చెప్పాడు. వైద్యం ఉందని చెప్పాడు.

చివరికి, "నాన్న గ్యాస్ అన్నాడుగా" అంది.

"నాన్నకీ అదేనక్కయ్యా. వంతెన అందుకే ఎక్కేవాడు కాదు."

ఆవిడ గేటు కేసి చూసింది. ఇన్నేళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న ఇప్పుడు అడుగుదామని మేస్త్రి నోరు తెరిచాడు గానీ, ఏడుపు అడ్డొచ్చింది. అక్కయ్య అతని భుజం తట్టి, పిల్ల దగ్గరికి వెళ్ళి కోటు కాలరు సవరించింది.

"ఇలా ఇవ్వమ్మా, నలిగిపోయింది" అంది. "ఇస్త్రీ చేసిస్తాను. రేపు వేసుకోవాలిగా."